జీతం, హాజరు, అమానత్: మొదటి సాలార్ జంగ్ జీవితం



సూర్యాపేట మార్కెట్లోనైనా, కోదాడ బస్టాండులోనైనా, మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గరైనా మనం రోజూ పలికే కొన్ని మాటలున్నాయి. ఆఫీసులో పనిచేసేవారిని సిబ్బంది అంటాము. బడిలో పిల్లలకు హాజరు వేస్తాము. పొలం కాగితాలు పెట్టి అప్పు తెచ్చుకుంటే తనఖా పెట్టామంటాము. ఈ మూడూ అరబీ, పారసీల నుంచి మన తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాటలు. సిబ్బంది అనేది సిహ్‌బందీ. శిస్తు వసూలు రోజుల్లో తాత్కాలికంగా పెట్టుకునే సిపాయిలను పూర్వం అలా పిలిచేవారు. పారసీలో సిహ్ అంటే మూడు. మూడు నెలలకొకసారి జీతం ఇచ్చే పద్ధతిని బట్టి ఆ పేరు వచ్చిందంటారు. ఇక తన్‌ఖ్వాహ్ అంటే జీతమని ఉర్దూ తెలిసిన ప్రతి ఇంట్లోనూ ఎరుకే. అదే మాట తెలుగులో తనఖాగా మారి తాకట్టు అనే అర్థమిస్తోంది.

జీతం అనే మాటకు తాకట్టు అనే అర్థం ఎలా వచ్చింది? నూట డెబ్బై ఏళ్ల కిందటి మన దక్కన్ పరిస్థితి తెలిస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. సిపాయికి సర్కారు జీతం ఇవ్వలేకపోయింది. జీతానికి బదులు తాలూకాలే తాకట్టులోకి వెళ్లాయి. ఆ తాకట్టును విడిపించి, చెదిరిపోయిన సైన్యాన్ని ఒక దారికి తేవడానికి ముప్పై ఏళ్లు శ్రమించిన వ్యక్తి మీర్ తురాబ్ అలీ ఖాన్. ఆయనే మొదటి సాలార్ జంగ్. హైదరాబాదులోని మ్యూజియం వల్ల ఆ పేరు అందరికీ తెలుసు. కాని ఆ మ్యూజియం వస్తువులను ఎక్కువగా సేకరించినవారు ఆయన మనుమడు, మూడో సాలార్ జంగ్. తాతగారు చేసిన పని వేరు. ఆ పనిలో నేటి ముస్లిం కుటుంబాలకు, మన మస్జిదు కమిటీలకు, మదరసాలకు అవసరమైన పాఠముంది.

తండ్రి నీడ లేని బాల్యం

మీర్ తురాబ్ అలీ ఖాన్ 1829లో జన్మించారు. ఆయన పూర్వీకులు బీజాపూరు ఆదిల్‌షాహీల కాలం నుంచి దక్కన్ పాలకుల కొలువులో ఉన్నవారు. తాత మునీరుల్ ముల్క్ నిజాం రాజ్యానికి దీవానుగా పనిచేశారు. అయితే తురాబ్ అలీ ఖాన్ పసితనంలోనే తండ్రి చనిపోయారు. కొద్దికాలానికే, 1832లో తాత కూడా కన్నుమూశారు. అప్పటినుంచి తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్ ఆయన్ను పెంచారు. పారసీ, అరబీ చదువుకున్నారు. తరువాత ఇంగ్లీషు కూడా నేర్చుకున్నారు.

ఇరవై ఏళ్లు నిండకముందే ఆయనకు ఖమ్మం తాలూకాదారు పదవి దక్కింది. ఖమ్మం మనకు పొరుగునే ఉంది. కోదాడ నుంచి బయలుదేరితే గంట, గంటన్నర ప్రయాణం. ఆ పదవిలో ఆయన ఉన్నది కొన్ని నెలలే. కాని శిస్తు ఎక్కడ పుడుతుందో, ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి పోతుందో దగ్గరగా చూసే అవకాశం ఆ కొద్ది నెలల్లోనే లభించింది. పెద్ద పదవి రాకముందు చిన్న పని చేసి ఉండటం అల్లాహ్ అనుగ్రహమే.

అప్పుల్లో మునిగిన రాజ్యం

1853 మే నెలలో నిజాం నాసిరుద్దౌలా ఈస్టిండియా కంపెనీతో ఒక ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. హైదరాబాద్ కంటింజెంటు అనే సైన్యం ఒకటుండేది. దాని అధికారులు ఆంగ్లేయులు, ఖర్చు మాత్రం నిజాందే. ఆ ఖర్చు తాలూకు బాకీ పేరుకుపోయింది. చివరకు బాకీ కింద, ముందుముందు ఖర్చుల కింద బేరార్ రాష్ట్రాన్ని, రాయచూరు అంతర్వేదిని, ధారాశివ్ ప్రాంతాన్ని కంపెనీ చేతిలో పెట్టవలసి వచ్చింది. పత్తి పండే సారవంతమైన భూములన్నీ అలా పోయాయి. ఒప్పందం జరిగిన కొద్ది రోజులకే దీవాను సిరాజుల్ ముల్క్ చనిపోయారు. మే 31న ఆ బాధ్యత తురాబ్ అలీ ఖాన్ భుజాల మీద పడింది. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు.

ఖజానాలో డబ్బు లేదు. మిగిలిన తాలూకాలు గుత్తేదారుల చేతుల్లో ఉన్నాయి. రాజధానిలోనూ జిల్లాల్లోనూ ఆయుధాలు ధరించి తిరిగే సిపాయిలు వేలల్లో ఉన్నారు. వారిలో చాలామంది ఆజ్ఞ తీసుకునేది సర్కారు నుంచి కాదు. ఈ సంగతి కాస్త వివరంగా తెలుసుకుంటేనే ఆయన చేసిన పని విలువ అర్థమవుతుంది.

జీతం తాకట్టయిన తీరు

ఆ రోజుల్లో నిజాం సైన్యంలో ఎక్కువ భాగం జమియత్ అనే పద్ధతిలో ఉండేది. సర్కారు సిపాయిని నేరుగా కొలువులో పెట్టుకోదు. ఒక జమాదారుతో మాట్లాడుకుంటుంది. ఇంతమందిని తెస్తాను, వారి జీతం నాకివ్వండి అనేది జమాదారు ఒప్పందం. యెమెన్ ప్రాంతపు హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, ఉత్తరం నుంచి వచ్చిన రోహిలాలు, చందూలాల్ కాలంలో వచ్చిన సిక్కులు, ఇంకా స్థానికులు ఇలా దళాలుగా ఉండేవారు. గుర్రపు రౌతుల్లో తన గుర్రం తానే తెచ్చుకునేవాడు సిలాహ్‌దారు. మరొకరి గుర్రమెక్కేవాడు బార్‌గీర్. వీరికి రోజువారీ కవాతు లేదు. పిలిచినప్పుడు రావాలి, శిస్తు వసూలుకు తాలూకాదారు వెంట వెళ్లాలి, అమీరుల డేవిడీల ముందు కాపలా కాయాలి. మిగిలిన వేళల్లో ఎవరి వ్యాపకం వారిది.

ఈ పద్ధతిలో మొదటి లోపం హాజరుపట్టీ. పట్టీలో వంద పేర్లుంటే ఎదురుగా వందమంది ఉండాలన్న నియమం లేదు. చనిపోయినవాని పేరు మీద, వెళ్లిపోయినవాని పేరు మీద కూడా జీతం రాబట్టవచ్చు. ఆ డబ్బు జమాదారుకు మిగులుతుంది. రెండో లోపం జీతం. సర్కారు నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి జీతాలు బాకీ పడేది. బాకీ తీర్చలేక జమాదారుకు ఒక తాలూకా శిస్తు మీద తన్‌ఖ్వాహ్ రాసిచ్చేది. అంటే ఆ తాలూకాకు వెళ్లి నీ జీతం నీవే వసూలు చేసుకోమని అర్థం. జమాదారు తన మనుషులతో వెళ్లి కూర్చునేవాడు. వసూలుకు లెక్క చెప్పేవాడు లేడు. బాకీ తీరదు, వడ్డీ పెరుగుతుంది, తాలూకా అతని చేతిలోనే ఉంటుంది. తన్‌ఖ్వాహ్ తనఖా అయింది ఇలాగే.

మూడోది ఇంకా ప్రమాదకరం. కొందరు జమాదారులు సర్కారుకు, అమీరులకు అప్పులిచ్చే స్థాయికి ఎదిగారు. అప్పు తీర్చనివారిని పట్టుకొని తమ ఇళ్లలోనే నిర్బంధించేవారు. జీతం రాని సిపాయిలు అధికారుల గుమ్మం ముందు ధర్నా కూర్చునేవారు. లోపలివారిని బయటికి కదలనిచ్చేవారు కాదు. ఇక గ్రామంలో రైతు సంగతి చెప్పనవసరం లేదు. గుత్తేదారుకు కట్టాలి, అతని వెంట వచ్చిన సిపాయిలను మేపాలి.

ఇందులో తప్పెవరిది? సిపాయిని ఒక్కణ్ణే నిందించడం న్యాయం కాదు. సముద్రం దాటి పొట్టచేత పట్టుకొని వచ్చినవాడికి జీతం ఇవ్వకుండా క్రమశిక్షణ అడిగే హక్కు ఎవరికుంటుంది? అలాగని పనిచేయని రోజుకు, లేని మనిషికి జీతం తీసుకోవడం హలాల్ అవుతుందా? రెండు వైపులా అమానత్ చెడింది. రాజ్యం చెడింది అందుకే.

హజ్రత్ ఉమర్ (రజి) వారి దీవాను

సైన్యానికి రిజిస్టరు, వేళకు జీతం అనే ఆలోచన ఆంగ్లేయుల నుంచి వచ్చిందని కొందరు భ్రమపడతారు. ముస్లింల చరిత్రలో దాని పునాది రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) వేశారు. హిజ్రీ 20వ సంవత్సరం ప్రాంతంలో ఆయన దీవాను స్థాపించారు. అఖీల్ బిన్ అబీ తాలిబ్, మఖ్‌రమా బిన్ నౌఫల్, జుబైర్ బిన్ ముత్‌యిమ్ (రజి) వంశావళులు బాగా తెలిసినవారు. పేర్లు రాసే పని ఆ ముగ్గురికి అప్పగించారు. దైవప్రవక్త (స) బంధువర్గం నుంచి మొదలుపెట్టి తెగలవారీగా పేర్లు రాశారు. ఎవరికెంత చెల్లించాలో నిర్ణయించారు. చిన్న చిన్న బృందాలకు అరీఫ్‌లను పెట్టి వారి ద్వారా పంపిణీ చేయించారు. కూఫా, బస్రా వంటి నగరాల్లో సైనికులకు స్థిరనివాసం కల్పించారు. అవసరానికి పనికివచ్చేలా ఒక్క కూఫాలోనే నాలుగు వేల గుర్రాలను సిద్ధంగా ఉంచారని చరిత్రకారులు రాశారు.

సైనికుడి ఇంటిని కూడా ఆయన మరువలేదు. భర్త జిహాద్‌లో ఉండగా భార్య పడే ఒంటరితనాన్ని తెలుసుకొని, తన కుమార్తె, విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)ని సంప్రదించి, సైనికులను సుమారు నాలుగు నెలలకు మించి ఇంటికి దూరంగా ఉంచరాదని నియమం పెట్టారు. పేరు రాయడం, వేళకు ఇవ్వడం, ఇంటికి పంపడం అనే మూడు పనుల మీద ఆ సైన్యం నిలబడింది. దీవాను అనే మాట తరువాతి కాలంలో ప్రధానమంత్రి పదవికి పేరైంది. సాలార్ జంగ్ కూర్చున్న పదవి పేరు కూడా అదే.

లెక్కతో మొదలైన సంస్కరణ

ఇక్కడొక మాట. సాలార్ జంగ్ షియా కుటుంబానికి చెందినవారు. అఖీదా విషయంలో మన దారి వేరు కావచ్చు. కాని ఒకరి మంచిని మంచిగా చెప్పడానికి అది అడ్డు కాకూడదు. న్యాయంగా మాట్లాడటం మన ధర్మం మనకు నేర్పిన మొదటి మర్యాద.

యువ దీవాను కత్తితో మొదలుపెట్టలేదు, లెక్కతో మొదలుపెట్టారు. ఏ జమాదారుకు సర్కారు ఎంత బాకీ, అతని చేతిలో ఉన్న తాలూకా నుంచి ఇప్పటికి ఎంత ముట్టింది అని తేల్చారు. తేలిన బాకీని తీర్చే ఏర్పాటు చేసి తాలూకాలను ఒక్కటొక్కటిగా సర్కారు చేతికి తెచ్చుకున్నారు. అన్న మాట నిలబెట్టుకుంటారన్న పేరు రావడంతో సాహుకారులు ఆయనకు అప్పు ఇవ్వడానికి ముందుకొచ్చారు. పాత దీవానులకు దొరకని అప్పు ఈయనకు దొరికింది. మనిషి మాటకు బజారులో ఉండే విలువ అది.

రెండో పని ఖజానా. శిస్తు తాలూకాలోనే ఖర్చయిపోకుండా కేంద్ర ఖజానాకు చేరే ఏర్పాటు చేశారు. గుత్తేదారులను తొలగించి జీతం మీద పనిచేసే తాలూకాదారులను నియమించారు. జీతాలు ఖజానా నుంచి చెల్లే ఏర్పాటు బలపడేకొద్దీ సిపాయికి తాలూకా మీద పడే అవసరం తగ్గింది.

మూడోది న్యాయం. అరబ్బులు అప్పుపడ్డవారిని తామే నిర్బంధించే అలవాటును అరికట్టి, వారి వ్యవహారాల విచారణకు ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటు చేశారు. దావా ఉంటే ఖాజీ ముందుకు రావాలి, ఇంట్లో గొలుసు వేయడం కుదరదు అన్నది దాని సారం.

నాలుగోది పనుల విభజన. అంతకుముందు ఒకే సిహ్‌బందీ సిపాయి శిస్తు వసూలు చేసేవాడు, దొంగలను పట్టేవాడు, యుద్ధం వస్తే యుద్ధానికి వెళ్లేవాడు. ఏ పనీ సరిగా చేసేవాడు కాదు. సాలార్ జంగ్ వసూలును రెవెన్యూ ఉద్యోగులకు, కాపలాను పోలీసుకు అప్పగించారు. సైన్యం కోసం క్రమం తప్పని కవాతు, శిక్షణ, అధికారులు గల దళాలను వేరుగా ఏర్పరచారు. వాటికి సంస్కరించిన దళాలు అనే పేరు వచ్చింది. పేరుకు వేలమంది ఉండి పనికి రానిదానికంటే, తక్కువమందైనా పిలిచిన వేళకు పలికే దళం మేలని ఆయన గ్రహించారు.

మరి పాత జమియత్‌ను ఏం చేశారు? ఒక్కరోజులో రద్దు చేయలేదు. ఆయుధం తప్ప మరో విద్య తెలియని వేలమందిని వీధిన పడేస్తే వారు దారిదోపిడీలకు దిగుతారు, వారి భార్యాబిడ్డలు పస్తులుంటారు. అందుకే కొత్త భర్తీని అదుపులో పెట్టారు. ఉన్నవారిని లెక్కలోకి తెచ్చారు. నమ్మకస్థులైన జమాదారులను గౌరవించి తన వైపు తిప్పుకున్నారు. తరువాతి కాలంలో ఈ దళాల వ్యవహారం నజ్మె జమియత్ అనే శాఖగా సాగింది. నిన్నటివరకు సర్కారును బెదిరించిన అరబ్బులే నగర ద్వారాల కాపలాలో దీవానుకు అండగా నిలబడ్డారు. హైదరాబాదులో ఈనాటికీ అరబ్బు కుటుంబాలు నివసించే బార్కాస్‌కు ఆ పేరు సైనికుల బ్యారక్స్ నుంచే వచ్చింది.

1857: మింగుడుపడని అధ్యాయం

ఒక జీవితాన్ని చెప్పేటప్పుడు చేదుగా ఉన్నదాన్ని దాచిపెట్టడం అమానత్ కాదు. 1857లో ఉత్తర హిందూస్తానంలో తిరుగుబాటు లేచింది. అదే మే నెలలో నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా నిజాం అయ్యారు. ఢిల్లీ మీదికి వెళ్లడానికి ఇష్టపడని కంటింజెంటు జమాదారు చీదా ఖాన్ హైదరాబాదుకు వచ్చారు. సాలార్ జంగ్ ఆయన్ను పట్టుకొని ఆంగ్ల రెసిడెంటుకు అప్పగించారు. ఆయన్ను విడిపించాలని మౌల్వీ అలాఉద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ నాయకత్వంలో జూలై 17న కొన్ని వందలమంది రోహిలాలు, నగరవాసులు కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఫిరంగుల ముందు దాడి నిలవలేదు. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకొని, 1859లో తూప్రాన్ దగ్గర ప్రాణాలర్పించారు. మౌల్వీ అలాఉద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు.

సాలార్ జంగ్ ఆనాడు ఆంగ్లేయుల పక్షాన నిలిచారు. తాను చక్కబెడుతున్న రాజ్యం ఈ మంటలో పూర్తిగా కాలిపోతుందని ఆయన భయపడ్డారని సమర్థించేవారున్నారు. పరాయి పాలనను ఎదిరించినవారిని పట్టించారని బాధపడేవారున్నారు. తుర్రేబాజ్ ఖాన్ పేరుతో హైదరాబాదులో ఈనాడు రహదారి ఉంది, సాలార్ జంగ్ పేరుతో మ్యూజియం ఉంది. ప్రజలు ఇద్దరినీ గుర్తుపెట్టుకున్నారు. మనసుల్లో ఉన్నది అల్లాహ్‌కు తెలుసు. మనం గ్రహించవలసింది ఒకటుంది. తన సైన్యానికి తాను జీతం ఇచ్చుకోలేని రాజ్యం 1853లో భూములనే కాదు, 1857లో స్వతంత్రంగా నిర్ణయం తీసుకునే శక్తిని కూడా పోగొట్టుకొని ఉంది.

1860లో కంపెనీ స్థానంలో వచ్చిన ఆంగ్ల ప్రభుత్వం రాయచూరు అంతర్వేదిని, ధారాశివ్‌ను తిరిగి ఇచ్చి, యాభై లక్షల బాకీని రద్దు చేసింది. బేరార్ మాత్రం ఇవ్వలేదు.

రెండుసార్లు కాల్పులు

పాత పద్ధతి మీద బతికినవారికి కొత్త పద్ధతి గిట్టదు. 1859 మార్చిలో దర్బారు ముగించుకొని రెసిడెంటు డేవిడ్‌సన్‌తో కలిసి బయటికి వస్తుండగా జహంగీర్ ఖాన్ అనే వ్యక్తి వారిపై కాల్పులు జరిపాడు. ఇద్దరూ బతికి బయటపడ్డారు. 1868 జనవరిలో ఈద్ దర్బారుకు వెళ్తున్నప్పుడు మళ్లీ కాల్పులు జరిగాయి. అప్పుడు కూడా అల్లాహ్ కాపాడాడు. ఈ రెండు సంఘటనల తరువాత కూడా ఆయన పని ఆపలేదు.

మన జిల్లా పుట్టిన సందర్భం

1865లో సాలార్ జంగ్ జిలాబందీ అమలు చేశారు. రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విభజించి, జిల్లాకు తాలూకాదారును, తాలూకాకు తహసీల్దారును పెట్టారు. మన నల్లగొండ జిల్లా ఆ ఏర్పాటులో రూపుదిద్దుకున్నదే. సూర్యాపేట, కోదాడలు చాలాకాలం పాటు ఆ జిల్లాలోనే ఉన్నాయి. 2016లో సూర్యాపేట వేరే జిల్లా అయ్యాక కోదాడ అందులో చేరింది. మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. తహసీల్దారు కార్యాలయం ముందు వరుసలో నిల్చున్నప్పుడు ఆ కుర్చీ మన ప్రాంతానికి ఎలా వచ్చిందో గుర్తుచేసుకోవచ్చు.

విద్య విషయంలో కూడా ఆయనకు శ్రద్ధ ఉంది. 1850లలో హైదరాబాదులో దారుల్ ఉలూమ్ స్థాపించారు. అరబీ, పారసీలతోపాటు ఇంగ్లీషు, స్థానిక భాషలు కూడా నేర్పే ఆ విద్యాలయం నుంచి వచ్చినవారు తరువాతి తరాల్లో అనేక కొలువులు నిర్వహించారు.

అయితే ఈ సంస్కరణలో మిగిలిపోయిన లోపాన్ని మన ప్రాంతమే ఎక్కువగా అనుభవించింది. సాలార్ జంగ్ చేయి దీవానీ ఇలాఖా వరకే చేరింది. నిజాం సొంత భూములైన సర్ఫె ఖాస్, పాయెగా అమీరుల ఇలాఖాలు, జాగీర్లు దానికి వెలుపల ఉన్నాయి. శిస్తు వసూలు పని పోయిన దేశ్‌ముఖ్‌లకు బదులుగా రుసుములు దక్కాయి. వారిలో చాలామంది మంచి భూములను తమ పేరు మీదికి తెచ్చుకొని మరింత బలపడ్డారు. 1946 నుంచి 1951 వరకు సూర్యాపేట, మిర్యాలగూడ పల్లెల్లో సాగిన రైతాంగ సాయుధ పోరాటానికి ఈ భూముల వ్యవహారమే ముఖ్య కారణాల్లో ఒకటి. సిపాయి బాధ తగ్గించిన సంస్కరణ రైతు బాధను పూర్తిగా తీర్చలేదు. మనిషి చేసిన ఏ సంస్కరణా సంపూర్ణం కాదు.

చివరి రోజులు

1869లో అఫ్జలుద్దౌలా మరణించారు. కొత్త నిజాం మహబూబ్ అలీ ఖాన్ అప్పటికి మూడేళ్లు కూడా నిండని పసివాడు. సాలార్ జంగ్, షమ్సుల్ ఉమరా కలిసి ఆయన తరఫున పాలన సాగించారు. ఒకప్పుడు తండ్రి లేకుండా పెరిగిన మనిషికి తండ్రి లేని పిల్లవాడి రాజ్యం అమానత్‌గా అందింది. బేరార్‌ను తిరిగి ఇవ్వమని ఆయన పదే పదే అర్జీలు పెట్టారు. 1876లో ఇంగ్లండు వరకు వెళ్లారు. అక్కడ గౌరవం దొరికింది, బేరార్ దొరకలేదు.

1883 ఫిబ్రవరిలో ఒక ఐరోపా అతిథికి మీర్ ఆలం చెరువు వద్ద విందు ఇచ్చిన తరువాత ఆయనకు కలరా సోకింది. ఫిబ్రవరి 8న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు యాభై నాలుగు. హైదరాబాదు పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉంది. ముప్పై ఏళ్లు ఒక రాజ్యపు లెక్కలు చూసిన మనిషి తన లెక్క అప్పజెప్పడానికి తన ప్రభువు సన్నిధికి చేరారు.

మన ఇళ్లకు, మన సంస్థలకు

సోదర సోదరీమణులారా! ఇదంతా దీవానుల సంగతి, మనకేమిటి అనుకోవద్దు. హాజరుపట్టీ ఇప్పుడు మన చేతుల్లో ఉంది. ఉపాధి హామీ పనిలో రాని మనిషి పేరు మస్టరులో ఎక్కితే అది ఆనాటి జమాదారు చేసిన పనే. దుకాణంలో కుర్రాడి చేత నెలంతా పని చేయించుకొని పండగ దాటినా జీతం ఇవ్వకపోతే అది ఆనాటి సర్కారు చేసిన పనే. కూలివానికి కూలి ఆలస్యం చేయవద్దని దైవప్రవక్త (స) గట్టిగా తాకీదు చేశారు. కొలతల్లో మోసం చేసేవారిని సూరా ముతఫ్ఫిఫీన్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక తరాజుకే పరిమితం కాదని, జీతం నిండుగా తీసుకొని పని తగ్గించేవారికి కూడా వర్తిస్తుందని ఉలమాలు వివరించారు.

ఈ విషయంలో నేను ఇతరులకు చెప్పే అర్హత పొందడానికి ముందు నా తప్పు ఒప్పుకోవాలి. చదువు ముగించిన కొత్తలో ఒక మక్తబ్‌లో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. నెలల తరబడి జీతం అందలేదు. ఇంట్లో ఇబ్బందులు. వేరే పని చూసుకోవడానికి కొన్ని రోజులు మక్తబ్‌కు వెళ్లలేదు. వారు నా జీతం ఆపారు కదా అని ఆ రోజులకు కూడా హాజరు వేసుకున్నాను. తరువాత మనసు నిలవక మా ఉస్తాద్‌గారికి చెప్పుకున్నాను. వారి బాకీ వారి మీద ఉంది, నీ సంతకం నీ మీద ఉంది, ఒకటి మరొకదాన్ని కడిగివేయదని ఆయన మందలించారు. ఆ రోజుల డబ్బు తిరిగి ఇచ్చేశాను. నా బాకీ జీతం అందడానికి మరికొంత కాలం పట్టింది. కాని ఆ రాత్రి నుంచి నిద్ర పట్టింది.

అందుచేత మస్జిదు కమిటీ పెద్దలకు నా విన్నపం. ఇమాం, మౌజన్‌ల జీతం చందా మిగిలితే ఇచ్చేది కాదు. చందాలో మొదటి హక్కు వారిది. తేదీ పెట్టుకొని ఇవ్వండి, రాసి ఇవ్వండి. ఇమాములకు, ఉస్తాదులకు, ఉద్యోగులకు కూడా నా విన్నపం. జీతం ఆలస్యమైతే అడగండి, కుదరకపోతే చెప్పి మానుకోండి. కాని హాజరుపట్టీలో అబద్ధం రాయకండి. ఇంట్లో తల్లులు పిల్లలకు ఈ మాట చిన్ననాడే చెప్పాలి. బడి హాజరులో స్నేహితుని బదులు పలకడం కూడా అబద్ధమేనని నేర్పాలి.

సాలార్ జంగ్ పాత జమియత్‌ను చక్కబెట్టడానికి మొదట చేసింది పెద్ద పనేమీ కాదు. ఎవరికి ఎంత ఇవ్వాలో రాయించారు, రాసింది ఇచ్చారు. ఆ తరువాతే క్రమశిక్షణ అడిగారు. మన చిన్న సంస్థల్లో, మన చిన్న దుకాణాల్లో ఈ వరుసను మనం పాటించగలిగితే చాలు.

మన కర్మల పత్రం మన చేతికి వచ్చే రోజున మన జీతాలు, మన సంతకాలు, మన బాకీలు మనకు సాక్ష్యంగా నిలిచేలా బతికే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.